లెన్స్ కొనుక్కో గానీ బీరువాలో పెట్టకు

చి. స్వాతికి,
బాబాయ్ ఆశీస్సులు.

నువ్వు 70-200 జూమ్ లెన్స్ కొంటున్నావన్న సంగతి నీకంటే ముందు మీ అమ్మ చెప్పింది. "లక్షన్నర పోసి ఏదో గొట్టం కొంటానంటోంది, నువ్వైనా చెప్పవయ్యా" అంది. చెప్తానులే వదినా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ పిన్నిని పిలిచి, మన ఇంట్లోకి మళ్లీ ఒక టూ పాయింట్ ఎయిట్ వస్తోందని గొప్పగా చెప్పుకున్నాను. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అని పెట్టేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. మొత్తం చదువు.

నీకు ఆ లెన్స్ అవసరమా అంటే, అవసరమే. సంక్రాంతికి రాత్రిపూట తీసిన కబడ్డీ ఫొటోలు పంపావు కదా, అవి పెద్దవి చేసుకుని చూశాను. కూతకెళ్లినవాడి నడుం ఇద్దరు పట్టేసుకున్న ఫొటోలో క్షణం సరిగ్గా దొరికింది, అది నేర్పితే వచ్చేది కాదు. కానీ వాడి చెయ్యి సాగిపోయింది, ముఖం నిండా నాయిస్, ఇసక చల్లినట్టు చుక్కలు. తప్పు నీది కాదు. నీ 55-250ని చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు. ఆ నంబరు ఎంత తగ్గితే లెన్స్ కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు. 2.8 అంటే దానికి నాలుగింతల వెలుతురు. నువ్వు సెకనులో 160వ వంతు స్పీడు దగ్గర ఆగిపోయిన చోట, అదే ఐఎస్ఓతో, అంటే వెలుతురుకి కెమెరా చూపే సున్నితత్వం పెంచకుండానే, 640వ వంతుకి వెళ్లొచ్చు. ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీకి ఆ స్పీడు ఉంటే గానీ కాళ్లూ చేతులూ నిలబడవు. లెన్సులో స్టెబిలైజర్ ఉందిగా అని షాపువాడు ఊదరగొడతాడు. అది నీ చేతి వణుకుని ఆపుతుంది గానీ రైడర్ కాలుని ఆపలేదు.

అయితే ఒకటి. మా రోజుల్లో కెమెరాలో ఐఎస్ఓ 400 ఫిల్ము రోలు వేశామంటే అది అయిపోయేదాకా 400 మాత్రమే. చీకట్లో పని జరగాలంటే లెన్స్ ఒక్కటే దిక్కు. ఇప్పుడు ఐఎస్ఓ ఎప్పుడు కావాలంటే అప్పుడు పెంచుకోవచ్చు, సగం పని బాడీయే, అంటే కెమెరాయే చేస్తోంది. ఏడాదికి రెండు టోర్నమెంట్లయితే అద్దెకి తెచ్చుకుంటే సరిపోతుంది. మీ అమ్మకి చెప్పినట్టు స్కూలు స్పోర్ట్స్, అకాడమీ పనులు నిజంగా ఒప్పుకున్నావు గనకే కొనుక్కోమంటున్నాను. కొనే ముందు మాత్రం ఒక్క వారాంతం అద్దెకి తెచ్చి చూడు. కొన్ని 70-200లు కిలోన్నర ఉంటాయి, కొత్తగా వచ్చిన మిర్రర్‌లెస్‌వి కిలో దగ్గర్లో ఉన్నాయి. ఆ అర కిలో తేడా షాపులో తెలియదు, ఫైనల్స్ జరిగేటప్పుడు భుజానికి తెలుస్తుంది.

అద్దెకి తెచ్చినప్పుడే ఇంకోటి కూడా గమనించు. నీది క్రాప్ సెన్సర్, అంటే చిన్న సెన్సర్, ఏ లెన్స్ పెట్టినా ఫ్రేములో తక్కువ పడుతుంది. కోర్టు చివరి గీత వెనక నువ్వు కూర్చుంటే, బాక్ లైన్ దాకా, అంటే కూతకొచ్చినవాడు దాటాల్సిన అడ్డగీత దాకా వచ్చిన రైడర్ నీకు ఐదు మీటర్ల దూరంలో కూడా ఉండడు. అక్కడ 70 దగ్గర పెట్టి కెమెరా నిలువుగా తిప్పినా మనిషి పూర్తిగా పట్టడు, తలో కాళ్లో తెగుతాయి. లక్షన్నర లెన్స్ పట్టుకుని దగ్గర్లో జరిగిన అసలు పట్టు వదిలేసుకున్నవాళ్లని చూశాను. కోర్టు మూలకి జరిగి ఏటవాలుగా కూర్చో. పాత బాడీకి దానితో వచ్చిన కిట్ లెన్స్ తగిలించి ఒళ్లో పెట్టుకో.

ఫోకస్ గురించి కూడా చెప్పాలి. 200 దగ్గర, 2.8లో, పది మీటర్ల అవతల ఉన్న మనిషికి ఫోకస్‌లో ఉండే మందం నీ కెమెరాలో జానెడుకి కాస్త ఎక్కువ, అంతే. రైడర్ ముఖం షార్ప్‌గా ఉంటే ముందుకి చాచిన చెయ్యి మసకగా వస్తుంది. మొదటి వారం ఫొటోలన్నీ పాడయ్యాయని ఏడుస్తూ ఫోన్ చేస్తావు, నాకు తెలుసు. లెన్స్ బాగానే ఉంటుంది. కదిలే మనిషిని వదలకుండా పట్టే కంటిన్యూయస్ ఫోకస్‌లో పెట్టి మన వీధిలో స్కూటర్ల మీద వచ్చేవాళ్లని తీస్తూ చెయ్యి అలవాటు చేసుకో. గబగబా వరసగా తీసిన ఒకే బరస్ట్‌లో ఒక ఫొటో తెల్లగా, ఒకటి పచ్చగా వస్తే అది లైట్ల గొడవ. మన కరెంటుకి కొన్ని రకం లైట్లు సెకనుకి వంద సార్లు మిణుకుతాయి. నీ బాడీలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చెయ్.

ఇక ఈ ఉత్తరం దేనికి రాస్తున్నానో ఆ సంగతికి వస్తాను. మీ నాన్న నీకెప్పుడూ చెప్పి ఉండడు.

1990ల మొదట్లో, బందరులో మన స్టూడియో నడిచే రోజుల్లో, మీ నాన్న ఒక 80-200 కొన్నాడు. ఎఫ్ 2.8. ఇప్పటివాటిలా రెండు రింగులు కాదు, జూమ్‌కీ ఫోకస్‌కీ ఒకటే. ముందుకి తోసి, వెనక్కి లాగి, అదే రింగు తిప్పి ఫోకస్ చేసుకోవాలి. తోసినప్పుడు లోపలినుంచి సన్నగా గాలి చప్పుడు వచ్చేది. చీటీ పాడి కొన్నాడు దాన్ని. తక్కువకి పాడాడని మీ తాతయ్య నెల రోజులు మాట్లాడలేదు. బందరులో అంతటి లెన్స్ ఇంకెవరి దగ్గరా లేదని మాకు గట్టి నమ్మకం. ఉందో లేదో మేము అడగలేదు, అడిగితే నమ్మకం పోతుందని.

మీ నాన్నకి దానిమీద ప్రేమ ఎక్కువైపోయింది. పెళ్లికొడుకుని చేసేటప్పుడు తియ్యనిచ్చేవాడు కాదు, పసుపు నీళ్లు పడతాయని. ఊరేగింపులో తియ్యనిచ్చేవాడు కాదు, బాణాసంచా పొగ అని. చినుకు పడితే సరే సరి. నేను అడిగితే "నీకు 135 లెన్స్ ఉందిగా" అనేవాడు. పని కాగానే పంచె గుడ్డతో తుడిచి, దానితో వచ్చిన లెదర్ కేసులో పెట్టి, జిప్పు వేసి, బీరువాలో మీ అమ్మ పట్టుచీరల మధ్య దాచేవాడు. తాళం మొలతాడుకి. ఆ ఏడు వానలు జూన్‌లో మొదలై కార్తీకం దాకా వదల్లేదు. గోడలు చెమ్మగిల్లి, అగ్గిపెట్టె కూడా వెలగని ఇల్లు అది. సముద్రపు గాలి నేరుగా వచ్చే వీధి. పెళ్లిళ్లు లేని మూఢంలో ఆ లెన్స్ బీరువా దాటి రాలేదు.

మాఘమాసంలో పెద్ద పెళ్లి తగిలింది. రాత్రి ముహూర్తం, మండపం వెనకంతా లైట్లు. మీ నాన్న తలంబ్రాలు మొత్తం దానితోనే తీశాడు. ప్రింట్లు వచ్చాక చూస్తే ప్రతి ఫొటో మీదా పాలపొర కమ్మినట్టు ఉంది. నలుపు నల్లగా లేదు. పెళ్లికూతురి వెనకున్న ప్రతి బల్బు చుట్టూ పొగ. ల్యాబువాడిదే తప్పని వాడితో గొడవ పెట్టుకున్నాం. మళ్లీ ప్రింట్లు వేయించాం. అవీ అంతే. అప్పుడు నేనే టార్చి తెచ్చి లెన్స్ ముందు ఏటవాలుగా పెట్టి వెనకనుంచి చూడమన్నాను. మీ నాన్న చూశాడు. చాలాసేపు కన్ను తియ్యలేదు. తర్వాత నాకిచ్చాడు. లోపలి గాజు అంచునుంచి మధ్యకి సాలెగూడులాగా సన్నటి పోగులు పాకి ఉన్నాయి.

ఫంగస్. చీకటి, చెమ్మ, కదలని గాలి, ఈ మూడూ దొరికితే చాలు దానికి. లెదర్ కేసు చెమ్మ పీల్చుకుని లోపలే పట్టి ఉంచుతుంది. మీ నాన్న కాపాడుతున్నానని చేసిన ప్రతి పనీ దానికే కలిసొచ్చింది. మద్రాసు పట్టుకెళ్లి విప్పించాం. మెకానిక్ శుభ్రంగానే తుడిచాడు గానీ పోగులు పాకిన చోట గాజు మీది కోటింగ్‌ని, అంటే పూతని ఫంగస్ తినేసింది, గాజు మీద మచ్చలు మిగిలాయి. మామూలు వెలుతురులో ఫొటోలు బాగానే వచ్చేవి. ఎదురుగా లైటు పడిందా, అదే పొగ. పెళ్లిలో లైటు పడని మూల ఎక్కడుంటుంది చెప్పు? చివరికి వచ్చిన ధరకి అమ్మేశాడు. చీటీ వాయిదాలు మాత్రం ఆ తర్వాత కూడా చాన్నాళ్లు కట్టాడు. నెలనెలా ఆ వాయిదా ఇచ్చి వచ్చిన రోజు మీ నాన్న ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మీ అమ్మకి ఇవాళ లక్షన్నర అనగానే ఎందుకు గుబులు పుట్టిందో ఇప్పుడర్థమైందా? ఆవిడ మీద విసుక్కోకు.

కాబట్టి చెప్పేది విను. లెన్స్‌తో వచ్చిన పౌచ్ ప్రయాణానికి మాత్రమే. ఇంట్లో తేమని అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ ఉంటే మంచిది, లేకపోతే రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో చెమ్మ పీల్చే సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్. తేమ నలభై, యాభై శాతం మధ్య ఉంటే చాలు. మరీ పొడిగా చెయ్యకు, లోపలి గ్రీజుకీ రబ్బరుకీ మంచిది కాదు. జెల్ రంగు మారగానే ఆరబెట్టాలి. దాన్ని వంట గిన్నెల్లో మాత్రం వేడి చెయ్యకు, మీ పిన్ని ఆ డబ్బాని వంటింటి గడపే దాటనివ్వదు. హైదరాబాదులో చెమ్మ ఎక్కడిది బాబాయ్ అంటావు. ఆగస్టులో మీ బాత్రూం పక్క గదిలో హైగ్రోమీటర్ పెట్టి అప్పుడు చెప్పు. వీటన్నిటికంటే ముఖ్యం, వారానికోసారైనా బయటికి తీసి వాడు. ఫొటోలు అక్కర్లేకపోయినా కిటికీలోంచి కాకిని తియ్యి. పసుపు పడితే పడనీ, తుడుచుకోవచ్చు. ఏసీ కారులోంచి ఉక్కగా ఉన్న గ్రౌండులోకి దిగినప్పుడు మాత్రం బ్యాగు జిప్పు వెంటనే తియ్యకు, గాజు మీద నీరు పట్టేస్తుంది. ఓ అరగంట ఆగు.

మిగతావి చిన్నవి. లెన్స్ ముందు తగిలించే గొట్టం, హుడ్, ఎప్పుడూ పెట్టుకో. ఫిల్టర్ కావాలంటే పగలు పెట్టుకో, రాత్రి ఫ్లడ్‌లైట్ల ముందు తీసెయ్, లేకపోతే లేని లైట్లు ఫొటోలో వస్తాయి. కెమెరా పట్టుకుని లెన్స్‌ని వేలాడదియ్యకు, లెన్స్ కింద చెయ్యి వేసి ఎత్తు. ఒంటికాలి స్టాండు, మోనోపాడ్, కొనుక్కో, దాన్ని లెన్స్ చుట్టూ ఉండే పట్టీకి, కాలర్‌కే బిగించు. షాపులో కొత్తదే కొంటే, నో కాస్ట్ ఈఎంఐ అని రాసి ఉన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడొచ్చు, మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకో. మొదటి మూడు వాయిదాల డబ్బు చేతిలో లేకుండా సంతకం పెట్టకు. బిల్లు లేకుండా ఇరవై వేలు తగ్గిస్తానన్నవాడి దగ్గర అసలు వద్దు, రేపు రిపేరొస్తే వారంటీ ఉండదు.

ఇంకో మాట, ఇది ఫొటోగ్రఫీ సంగతి కాదు. ఊళ్లో కబడ్డీ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. అంత ఖరీదైన బ్యాగు వేసుకుని ఒక్కదానివే బస్టాండులో కూర్చోకు. పాత స్కూలు బ్యాగులో పెట్టుకుని వెళ్లు, కంపెనీ పేరు అచ్చేసిన బ్యాగు దూరంనుంచే పిలుస్తుంది. నిర్వాహకుల ఇంట్లో ఎవరైనా ఆడవాళ్లుంటే అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరు. నీకు చాదస్తంలా ఉంటుందని తెలుసు. లెన్స్ పోతే ఇన్సూరెన్స్ ఉంటుంది, అది కూడా చేయించు.

మీ నాన్నని సలహా అడగకు, "నాకేం తెలుసమ్మా" అంటాడు. లెన్స్ వచ్చాక మాత్రం కళ్లకి కనపడేలా బల్ల మీద వదిలెయ్. ఆయనే చేతిలోకి తీసుకుంటాడు.

నువ్వు చూసిన ఆ సెకండ్ హ్యాండ్‌ది కాకినాడ లెన్స్ అన్నావు. సముద్రం ఊరు. కొనొద్దని అనను, చూసి కొను. శనివారం అతన్ని కలిసినప్పుడు నాకు వీడియో కాల్ చెయ్. ముందూ వెనకా మూతలు తీయించు. కొన్ని లెన్సులకి బాడీనుంచి తీస్తే లోపల వెలుతురు దారిని మూసే తెరిచే బ్లేడ్లు మూసుకుని ఉంటాయి, వెనకున్న చిన్న లివర్ జరిపితే తెరుచుకుంటాయి. టార్చి ఏటవాలుగా వేసి ప్రతి గాజూ చూడు, అంచులు ముఖ్యం. లెన్స్‌ని బాడీకి తగిలించే మౌంట్ స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట. నీ బాడీకి తగిలించి, గోడకి న్యూస్‌పేపర్ అంటించి, 70 దగ్గరా 200 దగ్గరా 2.8లో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి నాకు పంపు. నేను చూసి సరేననేదాకా రూపాయి కూడా పంపకు. ఫోన్ నాతో కాల్‌లో ఉంటుంది కాబట్టి టార్చి విడిగా తీసుకెళ్లు, కొత్త సెల్స్ వేసి.

బాబాయ్