సిగ్నల్ అందని ఇంటికి ఏ ఫోను?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గరి పల్లె. మా అమ్మగారు రాతిగోడల పాత మిద్దెలో ఒంటరిగా ఉంటారు. ఆమె ఫోనుకు ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు, పిన్ను కదిలిస్తే గానీ ఛార్జింగ్ ఎక్కదు, ఎక్కినా మధ్యాహ్నానికే అయిపోతుంది. 5జీ ఫోను కొంటే రెండు ఇబ్బందులూ తీరతాయని దుకాణదారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: 5జీ అయినంత మాత్రాన తీరవు. అయితే మీరు రెండుగా చెప్పిన ఇబ్బందులలో కొంత భాగం ఒకటే కావచ్చు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోను టవరును అందుకోవడానికి ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది, పదే పదే వెతుకుతుంది. అందువల్ల ఎవరూ మాట్లాడకపోయినా బ్యాటరీ తరిగిపోతుంది.

కాబట్టి కొనేముందు, అమ్మగారి సిమ్మును ఇంట్లో మరొకరి ఫోనులో వేసి, ఆమె మామూలుగా కూర్చునే చోటే చూడండి. ఫోను తెరపై కనిపించే సిగ్నల్ గీతలను నమ్మకండి, వాటి లెక్క ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్సులోని ‘అబౌట్ ఫోన్’ కింద సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ బలం డీబీఎంలలో (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు, మైనస్ 115 కన్నా కిందికి పడిపోతే మాట తెగిపోయే స్థితి. రెండు ఫోన్లలోనూ సిగ్నల్ అంతే బలహీనంగా ఉంటే లోపం ఫోనుది కాదు. అప్పుడు వేరే కంపెనీ సిమ్ముతో పరీక్షించాలి, లేదా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ (టవరుకు బదులు ఇంటి వైఫై మీదుగా మాట్లాడే సదుపాయం) ఉన్న ఫోను తీసుకోవాలి. మందపాటి రాతిగోడల ఇళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే.

ఫోనుదే లోపమని తేలితే, కొత్తదానిలో కెమెరా మెగాపిక్సెళ్లకన్నా ముందు బ్యాండ్ల (ఫోను అందుకోగల తరంగాల శ్రేణుల) జాబితా చూడండి. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు ఎక్కువ దూరం వెళ్లి, గోడలను మెరుగ్గా దాటుతాయి. 4జీలో జియో వాడే 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్ 5, ఎయిర్‌టెల్ 900 బ్యాండ్ 8, బీఎస్‌ఎన్‌ఎల్ 700 బ్యాండ్ 28 అలాంటివి. మన 5జీలో ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ శ్రేణికి వేగం ఉంది గానీ గోడలు దాటే శక్తి తక్కువ. జియోకు 2జీ, 3జీ లేవు కనుక, ఆ సిమ్ము అయితే ఫోనులో వోల్టే (4జీ మీదే మాట్లాడే సదుపాయం) తప్పనిసరి.

ఇక పిన్ను సంగతి. పాత ఫోనును ఆపి, ఛార్జింగ్ రంధ్రంలో పేరుకున్న దూదిపీచును పొడి చెక్కపుల్లతో నెమ్మదిగా తీయించి, వేరే కేబులుతో చూడండి. అప్పటికీ వదులుగా ఉంటే రిపేరు షాపులో జాక్ మార్పిస్తే సరిపోవచ్చు. కొత్తదైతే, రెండు వైపులా పట్టే టైప్-సీ పిన్నుదే తీసుకోండి. చూపు మందగించిన పెద్దలకు అదే మేలు. పెట్టెలో ఛార్జర్ ఉందో లేదో అడగండి. కొన్ని కంపెనీల అతివేగ ఛార్జింగ్ వాళ్ల సొంత ఛార్జరు, కేబులు ఉంటేనే పనిచేస్తుంది, మామూలు దానితో నింపాదిగా ఎక్కుతుంది. మన ఎండాకాలంలో మిద్దెపైనో కిటికీ ఎండలోనో పెట్టి ఛార్జ్ చేస్తే, వేడికి ఫోను తానే ఛార్జింగ్ తగ్గించుకుంటుంది, బ్యాటరీ ఆయుష్షూ తగ్గుతుంది. ఆ జాగ్రత్త మాత్రం ఏ ఫోను కొన్నా అమ్మగారికి చెప్పవలసిందే.