కోవిడ్ తగ్గినా తలనొప్పి తగ్గలేదు. సీటీలో ఏమీ లేదంటున్నారు, ఎంఆర్ వెనోగ్రామ్ అవసరమా?

మీ అక్కగారికి కోవిడ్ తగ్గి రెండు వారాలైనా తలనొప్పి వదలడం లేదని, సీటీ బాగానే ఉన్నా డాక్టరు వెనోగ్రామ్ (మెదడు సిరల్లో రక్తం పారే తీరు చూపే ఎంఆర్ఐ స్కాన్) రాశారని, తీయించాలా వద్దా అని అడిగారు. తీయించండి, ఆలస్యం చేయకండి. మెదడు సిరల్లో రక్తం గడ్డకడితే మామూలు సీటీలో చాలాసార్లు తెలియదు. మా వదిన విషయంలో కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అది 2021 మే నెల. విశాఖలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. వదినకు జ్వరం, దగ్గు తగ్గాయి, ఆక్సిజన్ కూడా బాగుంది. తలనొప్పి మాత్రం రోజురోజుకూ ముదిరింది. నీరసమని కొందరు, సైనస్ అని కొందరు అన్నారు. కానీ ఆ నొప్పి తీరే వేరు. పడుకుంటే ఎక్కువయ్యేది, లేచి కూర్చుంటే కాస్త తెరిపి. రాత్రుళ్లు గోడకు దిండ్లు ఆనించుకుని కూర్చునే కునుకు తీసేది. దగ్గినా, వంగి చెంబు అందుకున్నా తల రెండు చేతులతో పట్టుకునేది. ఒక ఉదయం క్యాలెండర్‌లో అంకెలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తున్నాయంది. ముందే తీయించిన సీటీ బాగుందన్న ధైర్యంతో ఉన్నాం. ఆ సాయంత్రమే కుడిచేయి కొట్టుకోవడం మొదలై ఫిట్స్ వచ్చాయి.

ఆసుపత్రిలో న్యూరాలజిస్టు చిన్న లైటుతో కళ్లలోకి చూసి, కంటి నరం ఉబ్బింది, తలలో ఒత్తిడి పెరిగింది అన్నారు. వెనోగ్రామ్ తీస్తే నడినెత్తి వెంట వెళ్లే పెద్ద సిరలో గడ్డ, పక్కనే కొద్దిగా రక్తస్రావం కనిపించాయి. వెంటనే హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాలన్నారు. తలలో రక్తం కారుతుంటే రక్తం పల్చబడే మందు ఎలా ఇస్తారని అన్నయ్య అడ్డుపడ్డాడు. ఎవరైనా అలాగే అడుగుతారు. డాక్టరు ఓపికగా చెప్పారు. కాలువకు అడ్డం పడితే వాననీరు వెనక్కి వీధుల్లోకి ఎగదన్నినట్టు, బయటికి దారిలేక రక్తం వెనక్కి ఒత్తడం వల్లే అది కారుతోంది. గడ్డ పెరగకుండా ఆపితే శరీరం మెల్లగా దారి చేసుకుంటుంది. అలాగే జరిగింది.

కోవిడ్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. దానికి విశాఖ ఎండలో జ్వరంతో ఒంట్లో నీరు తగ్గడం తోడైంది. ఇంకొకటి కూడా ఉంది. గర్భనిరోధక మాత్రలు, నెలసరి వాయిదా మాత్రలు ఏమైనా వాడారా అని డాక్టరు అడిగితే వదిన తల అడ్డంగా ఊపింది. మగవాళ్లు బయటికి వెళ్లాక నా చేయి పట్టుకుని, గృహప్రవేశం కోసం వేసుకున్నానని చెప్పింది. ఈ మాత్రలు కూడా గడ్డల ముప్పును పెంచవచ్చు. అందుకే మీ అక్కగారిని ఈ సంగతి మీ అమ్మగారి చేత ఒంటరిగా అడిగించండి. కాన్పయి కొద్ది వారాలే అయినా ముప్పు ఎక్కువే.

ఇది అరుదైన జబ్బే. కోవిడ్ సోకిన 10 లక్షల మందిలో సుమారు 39 మందికి వస్తుందని 2021 ఏప్రిల్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. కాబట్టి ఇప్పుడే బెంబేలెత్తకండి, పరీక్ష మాత్రం మానకండి. డీ-డైమర్ (గడ్డ కట్టిందేమో సూచించే రక్తపరీక్ష) మామూలుగా వచ్చినంత మాత్రాన కూడా వదిలేయకూడదు. ఈ మధ్యే కోవిడ్ టీకా వేయించుకుని ఉంటే ఆ తేదీ తప్పకుండా చెప్పండి. 2021లో వేసిన కోవిషీల్డ్ టీకా తర్వాత చాలా అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోతూ గడ్డలు కట్టేవి. అలాంటి గడ్డలకు సాధారణంగా హెపారిన్ ఇవ్వరు, చికిత్స వేరు.

ఒకవేళ గడ్డ ఉందని తేలితే మాత్రలు నెలల తరబడి వాడాలి. 3 నుంచి 12 నెలల వరకు పట్టవచ్చు. రక్తం పల్చబడే వార్ఫరిన్ మాత్ర ఇస్తే, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ లెక్క 2కు 3కు మధ్య ఉండేలా తరచూ రక్తపరీక్ష చేస్తారు. ఈ మందు పనిని తగ్గించే విటమిన్ కె ఉన్నా తోటకూర, పాలకూర మానేయనక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. ఒళ్లునొప్పులకు సొంతంగా మాత్రలు కొనుక్కోవడం మాత్రం కుదరదు.

ఈలోగా చూపు మసకబారినా, వాంతులు ఆగకపోయినా, చేయి లాగినా, ఫిట్స్ వచ్చినా స్కాన్ తేదీ కోసం ఆగకుండా క్యాజువాల్టీకి తీసుకెళ్లండి. ఖర్చు భయమైతే విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పాత సీటీ ఫిల్ము, కోవిడ్ రిపోర్టు, వేసుకున్న మాత్రల అట్టలన్నీ సంచిలో పెట్టుకోండి.