ఔలుకి ఏ నెలలో రావాలి, అమ్మానాన్నల్ని తీసుకురావచ్చా?

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో కొత్తగా దిగిన మన పిల్లలు, ఇక్కడ ఔలులో ఉంటున్న నన్ను అడిగే మాట ఎప్పుడూ ఒకటే. "అన్నా, నాలుగు రోజులు సెలవొచ్చింది, ఔలు వద్దామనుకుంటున్నాం, అక్కడ చూడ్డానికి ఏముంది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే, ఏ నెలలో వస్తున్నారని. ఇక్కడ ఊరు ఒకటే గానీ నెలని బట్టి వేరే ఊరైపోతుంది. ఈమధ్య ఆ ప్రశ్నకి తోక కూడా తగులుతోంది, "ఇండియా నుంచి అమ్మావాళ్లు వస్తున్నారు, వాళ్లని కూడా తీసుకురావచ్చా" అని. అందుకే ఒకసారి వివరంగా రాసేస్తున్నాను.

ముందు ఊరి గురించి. ఔలు అని రాస్తున్నాం గానీ ఇక్కడివాళ్లు పలికేది "ఓ-ఉ-లు"కి దగ్గరగా ఉంటుంది. జనం రెండు లక్షల పైచిలుకు, అంటే దాదాపు మన ఒంగోలంత. ఔలుయోకి అనే నది బోత్నియా అఖాతంలో కలిసే చోట 1605లో స్వీడన్ రాజు కట్టించిన ఊరు. అప్పట్లో ఫిన్లాండ్ అంతా స్వీడన్ చేతిలోనే ఉండేది. తారు వ్యాపారంతో పెరిగింది, తర్వాత నోకియా వచ్చింది, మనవాళ్లు ఇక్కడికి చేరింది కూడా నోకియా వల్లా యూనివర్సిటీ వల్లా. వాట్సాప్, స్లాక్ లాంటి వాటికి ముందు తరం అయిన ఐఆర్‌సీ చాట్‌ని 1988లో యార్కో ఓయికారినెన్ రాసింది ఈ యూనివర్సిటీలోనే. సాఫ్ట్‌వేర్ వాళ్లు కనీసం ఆ మర్యాదకైనా ఒకసారి రావాలంటాను. శాంటా క్లాజ్ ఊరు మాత్రం ఇది కాదు, ఆయన ఇంకా రెండున్నర గంటల రైలు దూరంలో రొవానియెమిలో ఉంటాడు. ఔలుకి టికెట్ కొనేసి "శాంటా ఎక్కడ" అని అడిగినవాళ్లు నాకు ఇప్పటికి ముగ్గురు.

ఇక నెలల సంగతి. నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. మొదటిసారి అమ్మానాన్నల్ని నవంబర్లో రప్పించాను, టికెట్లు చవగ్గా ఉన్నాయని. నవంబర్లో మంచు సరిగా పడదు, పడినా నిలవదు, వానా మంచూ కలిసి ముఖాన కొడుతుంది, మధ్యాహ్నం మూడయ్యేసరికి పొద్దు గుంకిపోతుంది. అమ్మ వచ్చిన రెండోరోజు "ఒరేయ్, సందె దీపం ఇప్పుడే పెట్టాలా, సాయంత్రం ఆరింటికి పెట్టాలా" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. వారం తిరక్కుండానే నాన్న కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, ఆయనకి తెలిసిన ప్రతి చుట్టానికీ ఫోన్ చేసి ఇక్కడ పగలు లేదని చెప్పారు. డిసెంబర్ చివర్లో ఇంకా తక్కువ, పదిన్నరకి తెల్లారి రెండు దాటగానే అయిపోతుంది. అయితే అప్పటికి మంచు ఉంటుంది, ఊరంతా దీపాలు ఉంటాయి, కాబట్టి నవంబర్ కంటే నయం. మొత్తానికి పెద్దవాళ్లని నవంబర్లో తేవద్దు, అంతే.

నన్ను అడిగితే మార్చి. ఎవరేమన్నా మార్చే. మంచు మోకాళ్ల దాకా ఉంటుంది, ఎండ కూడా ఉంటుంది, పగలు ఇంచుమించు మన దేశంలో ఉన్నంత ఉంటుంది, చలి డిసెంబర్-ఫిబ్రవరిలో కొట్టినట్టు కొట్టదు. అన్నిటికంటే ముఖ్యం, సముద్రం గడ్డకట్టి ఉంటుంది. ఇక్కడి సముద్రపు నీళ్లలో ఉప్పు చాలా తక్కువ, దాంతో ఏటా గడ్డకడుతుంది. నల్లికారి బీచ్‌కి వెళ్తే జనం సముద్రం మీద స్కీలు వేసుకుని పోతుంటారు, ఒకాయన ఎవరో చిన్న కన్నం చేసుకుని చేపల కోసం కూర్చుని ఉంటాడు. రెండోసారి వచ్చినప్పుడు అమ్మ చెప్పులు... అదే, బూట్లు... వేసుకుని సముద్రం మీద వంద గజాలు నడిచింది, ఆ వీడియో ఇప్పటికీ మా ఊళ్లో తిరుగుతోంది. ఒకటే జాగ్రత్త, స్థానికులు నడిచిన జాడలున్న చోటే నడవండి. నది మంచు మీద, వంతెనల దగ్గర, జాడల్లేని చోట ధైర్యాలు చెయ్యకండి. ఏప్రిల్ వచ్చిందంటే అసలు దిగొద్దు.

జూన్, జూలై ఎండాకాలం బాగుంటుంది, పిల్లలతో వచ్చేవాళ్లకి అదే మంచిది. జూన్ ఇరవై ప్రాంతంలో సూర్యుడు అర్ధరాత్రి దాటాక కిందికి జారి, రెండు దాటగానే మళ్లీ వస్తాడు, మధ్యలో కూడా చీకటి పడదు. నిద్ర పట్టదు. హోటల్లో నల్ల పరదాలు ఉంటాయా అని ముందే అడగండి, లేకపోతే కళ్లగంతలు కొనుక్కోండి. దోమలు ఉంటాయి, ఊళ్లో అంతగా కాదు గానీ అడవిలోకి అడుగు పెడితే మన కొల్లేరు దోమలు పాపం అనిపిస్తాయి. జూన్ 20-26 మధ్య యుహన్నుస్ అనే పండగ వస్తుంది, ఆ రెండు మూడు రోజులు ఊరు ఊరంతా చెరువుగట్టు మీది చెక్క ఇళ్లకి వెళ్లిపోతుంది, ఔలు వీధుల్లో మీరూ నీటి పక్షులూ మాత్రమే మిగులుతారు. ఆ తేదీలు చూసుకుని రండి.

బట్టల గురించి అందరూ ఒకటే తప్పు చేస్తారు, ఒక్క లావుపాటి జాకెట్ కొని లోపల కాటన్ వేసుకుంటారు. నేనూ అంతే, మొదటి చలికాలంలో జీన్స్ వేసుకుని బస్సు కోసం పావుగంట నిలబడితే తొడలకి స్పర్శ పోయింది. ఒంటికి ఆనుకుని ఉన్ని, దాని మీద ఇంకో పొర, పైన గాలి చొరనిది. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, లోపల ఉన్ని సాక్సుకి చోటు ఉండాలి. ఇవన్నీ కొత్తవి కొంటే జేబు చిల్లే, కిర్పిస్ అనే సెకండ్‌హ్యాండ్ దుకాణాలు ప్రతి పేటలోనూ ఉంటాయి, నాలుగు రోజుల ప్రయాణానికి అవి చాలు, సిగ్గుపడాల్సిన పనే లేదు, ఇక్కడ డాక్టర్లు కూడా అక్కడే కొంటారు. మైనస్ ఇరవైలో కంటే సున్నా డిగ్రీల దగ్గరే ప్రమాదం ఎక్కువ. కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచు గాజులా ఉంటుంది, పెద్దవాళ్లు పడితే తుంటి ఎముకే. బూటు అడుక్కి తగిలించే ముళ్ల పట్టీలు సూపర్‌మార్కెట్లోనే దొరుకుతాయి, దిగిన రోజే కొనండి. చీకట్లో నడిచేవాళ్లు మెరిసే రిఫ్లెక్టర్ వేలాడదీసుకోవాలని ఇక్కడ చట్టమే ఉంది. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి నలభై శాతం చార్జింగ్ చూస్తుండగానే సున్నా అవుతుంది, టికెట్ అందులోనే ఉంటుంది, ఆ టెన్షన్ నేను పడ్డాను.

హెల్సింకీ నుంచి రైలు పగటిపూట సుమారు ఆరు గంటలు, రాత్రి పడుకుని వచ్చే బండ్లు కూడా ఉన్నాయి. ముందే కొంటే చవక, చివరి నిమిషంలో విమానం కంటే ఎక్కువ అడిగినా ఆశ్చర్యపోకండి. ఊళ్లో సిటీ బస్సు మీ కోసం దానంతటది ఆగదు, స్టాపులో నిలబడి చెయ్యెత్తాలి. నడిచేటప్పుడు సైకిల్ దారి మీదకి వెళ్లకండి. ఈ ఊళ్లో మైనస్ ఇరవైలో కూడా బళ్లకి వెళ్లే పిల్లలు సైకిలే తొక్కుతారు, రోడ్ల మీద మంచు తీయకముందే సైకిల్ దారుల మీద తీసేస్తారు, వాళ్లు మిమ్మల్ని తిట్టరు గానీ ఆ చూపు చాలు.

చూడ్డానికి ఏముందన్నారు కదా. సంత మైదానంలో పొట్టిగా లావుగా ఒక పోలీసు విగ్రహం ఉంటుంది, తోరిపొల్లీసి, అందరూ దాని పక్కన ఫోటో దిగుతారు, మీరూ దిగండి. పక్కనే 1901 నాటి మార్కెట్ హాలు. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే పాత కోట శిథిలాలు, 1793లో పిడుగు మందుగుండు గది మీద పడి కోట పేలిపోయింది, మిగిలిన పునాది మీద ఇప్పుడు చిన్న చెక్క బురుజు ఉంది. హుపిసారెత్ పార్కులో వాగుల మీద చిన్న చిన్న వంతెనలు, అక్కడ గంట సేపు ఊరికే తిరగొచ్చు. ఎండాకాలం అయితే హైలువోతో దీవికి వెళ్లండి, ఇన్నేళ్లూ ఫెర్రీ ఉచితం, రోడ్డులో భాగమని లెక్క. దాని బదులు వంతెన కడుతున్నారు కాబట్టి వచ్చేముందు ఏది నడుస్తోందో చూసుకోండి. 2026కి ఔలు ఐరోపా సాంస్కృతిక రాజధాని, అందుకని ఆ ఏడాది హోటళ్లు ముందే పట్టుకోవడం మంచిది. నార్తర్న్ లైట్స్, అదే రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు అంటారా, కనిపిస్తాయి, గ్యారంటీ మాత్రం లేదు. ఆకాశం తేటగా ఉండాలి, ఊరి దీపాలకి దూరంగా పోవాలి, నల్లికారి వైపు వెళ్లి ఉత్తరానికి తిరిగి ఓపిక పట్టాలి. వాటికోసమే వచ్చేవాళ్లు ఇంకా పైకి, ల్యాప్‌లాండ్‌కి పోవడమే న్యాయం.

తిండి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు ఫోన్లన్నీ దీనికోసమే వస్తాయి. మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు దాకా హోటళ్లలో లౌనస్ అని బఫే పెడతారు, పది పదిహేను యూరోల మధ్య, సలాడ్, బ్రెడ్, కాఫీ అన్నీ అందులోనే. రాత్రి అదే భోజనం ధర రెట్టింపు అవుతుంది, అందుకే మధ్యాహ్నమే కడుపు నిండా తినేయండి. శాకాహారులు "కస్విస్" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషు అక్షరాలు వీఎల్ అని రాసుంటే వెజ్ అనుకుని వేసుకునేరు, అది లాక్టోజ్ తక్కువ అని అర్థం, లోపల పంది మాంసం కూడా ఉండొచ్చు. రోస్సుపొత్తు అనేది ఈ ఊరి ప్రత్యేక వంటకం, బంగాళదుంపలు చూసి మోసపోకండి, అందులో రక్తం ఉంటుంది.

పెరుగు లేకపోతే మనకి భోజనం అయినట్టు ఉండదు కదా. నేను మొదటి వారం డబ్బా మీద బొమ్మ చూసి కొని అన్నంలో కలిపాను, వెనీలా. డబ్బా మీద "మౌస్తమతోన్" అని ఉండాలి, అంటే ఏ రుచీ కలపనిది. అందులోనూ పది శాతం కొవ్వున్న టర్కీ పెరుగు తీసుకుంటే మన గడ్డపెరుగు గుర్తొస్తుంది. "పీమా" అని అమ్మేది అచ్చంగా పుల్లమజ్జిగే, ఉప్పూ అల్లమూ వేసుకుంటే నాన్న రోజుకి లీటరు తాగారు. కాల్చిన జున్ను ఒకటి ఉంటుంది, లేయిపాయూస్తో, పళ్ల కింద కిర్రుకిర్రుమంటుంది, ఇక్కడివాళ్లు జామ్‌తో తింటారు, మా ఇంట్లో పాలకూరలో పనీర్ బదులు వేస్తాం.

సావునా, అంటే ఇక్కడి వేడి ఆవిరి స్నానపు గది, దాని గురించి అడగడానికి మొహమాటపడతారు, అందుకే నేనే చెప్తాను. హోటల్లో ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు, లోపల బట్టలుండవు, ఎవరూ ఎవర్నీ చూడరు. ఆడా మగా కలిసి వెళ్లే చోట ఈత బట్టలు ఉంటాయి, నది మీద తేలే సావునా కూడా ఎండాకాలంలో అలాంటిదే. మొదటిసారి కింది మెట్టు మీద కూర్చోండి, పైన వేడి భరించలేరు. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వెళ్లొద్దు.

వీసా షెంగెన్ వీసానే, అంటే ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది, 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు. పెద్దవాళ్ల ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి, దానికి మించి తీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే పడేది మంచు మీద. సామాను సర్దేటప్పుడు వాళ్లకి గట్టిగా చెప్పండి. మాంసం, పాల పదార్థాలు ఐరోపాలోకి రానివ్వరు, అంటే చికెన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి డబ్బా అన్నీ ఇందులోకే వస్తాయి. పచ్చి మొక్కలకీ పండ్లకీ సర్టిఫికెట్ కావాలి, అరటిపండుకీ కొబ్బరికాయకీ మాత్రం అక్కర్లేదు. మా అత్తగారు పెట్టె నిండా తెచ్చిన కరివేపాకు విమానాశ్రయంలోనే పోయింది, ఆవిడ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. కరివేపాకు పొడి కొట్టి తెమ్మనండి, గోంగూర పచ్చడి సీసాకి మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్యలో పెట్టమనండి. చేతి సంచిలో పెడితే ఆ నూనె ద్రవం కిందకి వస్తుందని హైదరాబాద్‌లోనే తీయించేస్తారు.