తెలంగాణ పదో తరగతి తర్వాత స్టేట్ కాలేజ్ హైస్కూల్లో చేరడం: మా ఇంటి అనుభవం

మీవారికి అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్టేట్ కాలేజ్ అనే ఊళ్ళో, పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది, అమ్మాయి హైదరాబాద్‌లో పది పాసయింది, ఇంత చిన్న ఊళ్ళో గవర్నమెంట్ స్కూల్లో వేస్తే చదువు దెబ్బతింటుందేమోనని టెన్షన్‌గా ఉంది, పాపను తీసుకుని న్యూజెర్సీలో మీ అన్నయ్య వాళ్ళ దగ్గర ఉండిపోవడం మేలా అని అడిగారు. నన్నడిగితే ఇల్లు రెండు చోట్ల పెట్టకండి. స్టేట్ కాలేజ్‌లోనే చేర్పించండి. మా అబ్బాయి ఇంచుమించు ఇదే వయసులో, ఇదే స్టేట్ సిలబస్ నుంచి వచ్చి అక్కడే చదువు పూర్తి చేశాడు. స్కూలు మంచిదే. మీ జాగ్రత్తంతా చేర్చేటప్పుడు ఏ తరగతిలో, ఏ మ్యాథ్స్‌లో, ఏ సైన్స్‌లో కూర్చోబెడతారన్న దానిమీద పెట్టండి.

స్కూలు అసలు పేరు స్టేట్ కాలేజ్ ఏరియా హైస్కూల్. ఊళ్ళో అందరూ స్టేట్ హై అంటారు. 9 నుంచి 12 వరకు సుమారు 2,400 మంది పిల్లలుంటారు. ఊరి జనాభా 40 వేల పైచిలుకు, యూనివర్సిటీ విద్యార్థులు అంతకంటే ఎక్కువ. ప్రొఫెసర్ల పిల్లలు, క్యాంపస్ క్యాంటీన్లలో పనిచేసేవాళ్ళ పిల్లలు, చుట్టుపక్కల టౌన్‌షిప్పుల్లో వ్యవసాయం చేసుకునేవాళ్ళ పిల్లలు చాలావరకు ఈ స్కూలుకే వస్తారు. కార్పొరేట్ కాలేజీల్లో మనకు అలవాటైన ర్యాంకుల వారీ సెక్షన్లు ఇక్కడ లేవు. ఈ కలగలుపు మా వాడికి ఎంతో మేలు చేసిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఊరికి ఈ స్కూలంటే ఎంత పట్టింపో ఒక్క సంగతి చెబుతాను. ఇదివరకు స్కూలు వెస్టర్లీ పార్క్‌వే రోడ్డుకి అటొక బిల్డింగు, ఇటొక బిల్డింగుగా ఉండేది. పీరియడ్ మారినప్పుడల్లా పిల్లలు మంచులో, వానలో రోడ్డు దాటేవాళ్ళు. కొత్త బిల్డింగు కట్టడానికి 8 కోట్ల 50 లక్షల డాలర్ల అప్పు తేవచ్చా అని 2014లో ఓటింగ్ పెడితే, ఇంటి పన్ను పెరుగుతుందని తెలిసి కూడా జనం భారీ మెజారిటీతో సరే అన్నారు. అలాంటి ఊళ్ళో ప్రభుత్వ బడిని చిన్నచూపు చూసేవాళ్ళు నాకు తగల్లేదు.

ఇక అసలు విషయం. ఇక్కడ మ్యాథ్స్ ఒకటే సబ్జెక్టుగా నడవదు. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్ అని మెట్లుంటాయి. మన పదో తరగతి పుస్తకంలో ఇవన్నీ కలిసి ఉంటాయి కాబట్టి, మార్కుల మెమోలో "గణితం" అని ఒక్క గ్రేడు చూసి పిల్ల ఏ మెట్టు మీద ఉందో వాళ్ళు చెప్పలేరు. తేలిక మార్గంగా జామెట్రీలో వేసే అవకాశం ఎక్కువ. అక్కడ మొదలుపెడితే స్కూలు అయ్యేలోపు కాలిక్యులస్ అందడం కష్టం. ఇంజనీరింగ్ ఆలోచన ఉన్న పిల్లకి అది పెద్ద లోటు.

మేం ఇంగ్లీష్ మీడియం ఎస్‌సీఈఆర్‌టీ మ్యాథ్స్ పుస్తకాన్ని సూట్‌కేసులో పెట్టుకొచ్చాం. స్కూల్లో పిల్లల కోర్సులు చూసే కౌన్సెలర్ దాన్ని తీసుకుని ఒక లెక్కల టీచర్‌ని పిలిచింది. ఆయన విషయసూచిక మీద వేలు పెట్టి ఒక్కో చాప్టరూ చూసుకుంటూ వచ్చాడు: లాగరిథమ్స్, వర్గ సమీకరణాలు, శ్రేఢులు, సరూప త్రిభుజాలు, త్రికోణమితి. త్రికోణమితి దగ్గర ఆగి, అభ్యాసంలోంచి ఒక లెక్క చూపించి "ఇది చెయ్యగలవా" అని మా వాడినే అడిగాడు. తరవాత ఒక ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి ఆల్జీబ్రా 2 ఆనర్స్‌లో (మామూలు కంటే కాస్త కష్టమైన క్లాసు) వేశారు. పన్నెండో తరగతికల్లా ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కాలిక్యులస్‌కి చేరాడు. అది కూడా ముందే ముగించిన పిల్లలు క్యాంపస్‌కి వెళ్ళి యూనివర్సిటీ కోర్సులు చదువుకోవచ్చు. యూనివర్సిటీ పక్కనే ఉండడం వల్ల దక్కే అసలు లాభం ఇదే. కాబట్టి మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్, బయాలజీ పుస్తకాలు మూడూ తప్పకుండా తెచ్చుకోండి. బరువని మానేయకండి.

తరగతి విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. పది అయిపోయింది కదా, పదకొండులో వేయమని పట్టుబట్టకండి. పాపకి పదిహేనేళ్ళే అయితే పదిలోనే వేయమని అడగండి. కాలేజీ అప్లికేషన్లు పన్నెండో తరగతి మొదట్లోనే పంపాలి. పదకొండులో చేరితే అప్పటికి చేతిలో ఒక్క ఏడాది మార్కులే ఉంటాయి, బాగా తెలిసి సిఫార్సు లెటర్ రాయగల టీచర్లూ తక్కువే ఉంటారు. పైగా అమెరికా చరిత్ర, హెల్త్, పీఈ లాంటి తప్పనిసరి క్రెడిట్లన్నీ రెండేళ్ళలో కుక్కాలి. పెన్సిల్వేనియాలో హైస్కూల్ పాసవడానికి రాష్ట్రం పెట్టే కీస్టోన్ పరీక్షలనీ, వాటికి బదులు వేరే దారులనీ ఉన్నాయి. అవి కౌన్సెలర్ చూసుకుంటుంది, మీరు దిగులు పడకండి.

కాగితాల సంగతి: పుట్టినతేదీ రుజువు, అద్దె అగ్రిమెంటు, టీకాల రికార్డు. ఇవన్నీ ఇచ్చాక ఐదు పనిదినాల్లో చేర్చుకోవాలని పెన్సిల్వేనియా నిబంధన. టీకాల్లో మన పిల్లలకి సాధారణంగా తక్కువపడేవి చికెన్‌పాక్స్ రెండో డోసు, మెనింజైటిస్ టీకా. వీలైతే హైదరాబాద్‌లోనే వేయించి, డాక్టర్ సంతకంతో ఇంగ్లీషులో రాయించుకోండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారంలో అడుగుతారు. తెలుగు అనే రాయండి. ఇంగ్లీషు పరీక్ష పెడతారేమో, పెట్టనివ్వండి. నిజంగా సాయం అవసరమైతే ఉచితంగా దొరుకుతుంది. డిపెండెంట్ వీసా మీద వచ్చిన పిల్లలకి చదువు ఫీజు ఏమీ లేదు. ఇల్లు తీసుకునేటప్పుడు మాత్రం అడ్రసులో స్టేట్ కాలేజ్ అని కనిపించగానే సరిపెట్టుకోకండి, కొన్ని ఇళ్ళు పక్క స్కూల్ డిస్ట్రిక్టులోకి (వేరే స్కూళ్ళ పరిధిలోకి) వస్తాయి. సంతకం పెట్టేముందు అడ్రసు చెప్పి స్కూలు ఆఫీసులో కనుక్కోండి.

చదువులో మా వాడు నిజంగా కష్టపడింది లెక్కల్లో కాదు, రాయడంలో. కెమిస్ట్రీ రికార్డులో మనవాళ్ళకి ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అని ఒక పద్ధతి అలవాటు. ఇక్కడ మొదటి ల్యాబ్ రిపోర్టులో వాడి ఫలితం పుస్తకంలోని అంకెకి దాదాపు సరిపోయింది, అయినా మార్కులు పోయాయి. "ఆ కొద్ది తేడా ఎందుకొచ్చింది" అని టీచర్ పక్కన రాసింది. ఇంగ్లీషులోనూ అంతే: కథ సారాంశం రాస్తే చాలదు, నీ అభిప్రాయమేంటి, దానికి ఆధారం ఏ పేజీలో ఉంది అంటారు. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు చూసి పాపను కోప్పడకండి. స్కూలయ్యాక టీచర్ దగ్గరికి వెళ్ళి అడగడం అలవాటు చేయండి. మన పిల్లలు మొహమాటపడతారు, అదొక్కటి పోగొడితే సగం కష్టం తీరుతుంది.

అదే స్కూల్లో వంట, కార్ల రిపేరు నేర్పే వొకేషనల్ కోర్సులూ ఉన్నాయి. వాటిని తక్కువగా మాట్లాడకండి, పాప ముందు అసలే వద్దు. మా వాడికి మొదట దగ్గరైన స్నేహితుడు అందులోంచి వచ్చినవాడే.

ఒంటరితనం మాత్రం ఉంటుంది. న్యూజెర్సీలోలా వీధికో తెలుగు కుటుంబం ఉండదు. పెద్ద వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాలంటే పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్ దాకా రెండున్నర గంటలు కారులో పోవాలి. మొదటి శీతాకాలం పిల్లలకి బరువుగా గడుస్తుంది, అందుకే సెప్టెంబర్‌లోనే ఏదో ఒక క్లబ్బులోనో ఆర్కెస్ట్రాలోనో చేర్చేయండి. మా వాడు రోబోటిక్స్‌లో చేరాక స్కూల్లో మధ్యాహ్న భోజనాల టేబుల్ దగ్గర వాడికి ఒక చోటు దొరికింది.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. పెన్ స్టేట్ పూర్తికాల ఉద్యోగుల పిల్లలకి అక్కడి ట్యూషన్‌లో 75 శాతం తగ్గింపు ఉంటుంది. మీవారి ఉద్యోగం ఏ కేటగిరీలోకి వస్తుందో, ఇది వర్తిస్తుందో లేదో హెచ్ఆర్‌ని ఇప్పుడే అడిగించండి.

చివరిగా, క్లాసులు ఆగస్టు ఆఖర్లో మొదలవుతాయి. ఊళ్ళో అద్దె ఇళ్ళు కూడా ఎక్కువగా ఆగస్టు నెలలోనే చేతులు మారతాయి కాబట్టి ఇల్లు వేసవి మొదట్లోనే మాట్లాడుకోండి. టిక్కెట్లు ఆగస్టు మొదటి వారానికి చూసుకుని, కౌన్సెలింగ్ ఆఫీసుకి ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి. మెమో, తొమ్మిదో తరగతి మార్కులు, మ్యాథ్స్ పుస్తకం విషయసూచిక ఫొటోలు అందులోనే జతచేయండి.