‘రావచ్చు’ అన్నారు సరే, ‘పని చేసుకోవచ్చు’ అన్నారా?

ప్రశ్న: అక్కయ్యగారూ, మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పదకొండేళ్ల సర్వీసు. మా ఆయన హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లుగా చేస్తున్నారు. ఇప్పుడు అమెరికా పంపుతామంటున్నారు. కుటుంబానికి కూడా వీసా ఇప్పిస్తామని మెయిల్ పెట్టారు. మా అత్తగారు రాజీనామా ఇచ్చేయమంటున్నారు. అక్కడ నన్ను ఉద్యోగం చేసుకోనిస్తారా? లేకపోతే ఇక్కడి పిల్లలకు ఆన్‌లైన్ ట్యూషన్లయినా చెప్పుకోవచ్చా? రెండు వారాలుగా ఒకటే టెన్షన్.

జవాబు: ముందు ఆ రాజీనామా కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యి చెల్లెమ్మా. తర్వాత మాట్లాడుకుందాం.

అలాంటి మెయిలే 2007లో మా ఇంటికీ వచ్చింది. అప్పుడు నేను భీమవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. ‘కుటుంబంతో రావచ్చు’ అని రాశారు. రానిస్తే పని కూడా చేసుకోనిస్తారు కదా అనుకున్నాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు, మేం అడగనిది చెప్పలేదు, అంతే. కాలేజీ మానేసి, ఆవకాయ జాడీతో న్యూజెర్సీలో దిగాను. సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం వెళితే కౌంటర్లో ఆవిడ నా పాస్‌పోర్టు తిరగేసి, హెచ్-4 వాళ్లకు, అంటే హెచ్-1బి ఉద్యోగి భార్యగానో భర్తగానో వచ్చినవాళ్లకు, పని అనుమతి లేదు కాబట్టి నంబరూ రాదంది. కారు నడపొచ్చు, చదువుకోవచ్చు, బ్యాంకు ఖాతాలో పేరు ఉండొచ్చు. ఒక్క డాలరు సంపాదించడానికి మాత్రం వీల్లేదు. ఒకావిడ పూతరేకులు చేసి అమ్మమని సలహా ఇచ్చింది. అదీ పని కిందికే వస్తుందమ్మా! మనది ఆత్రేయపురం పక్కనే అయినా అక్కడి చట్టానికి అదేం పట్టదు.

మా పై అంతస్తులో రావులపాలెం అమ్మాయి ఉండేది. నాలాగే ఎమ్మెస్సీ. వాళ్లాయన ఎల్-1 వీసా మీద వచ్చాడు, ఆమెది ఎల్-2. అప్పట్లో ఎల్-2 వాళ్లు పని కార్డుకు (పని అనుమతి పత్రానికి) దరఖాస్తు పెట్టుకుని పనిలో చేరేవారు. ఆమె ఒక ల్యాబ్‌లో చేరింది. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. కుళ్లుకున్నాను. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేం లేదు. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే మెట్లు. వీసా మీద అక్షరమే వేరు.

కాబట్టి మీ ఆయన్ని కంపెనీకి ఒక్క లైను రాయమను: ‘పంపేది హెచ్-1బి మీదా, ఎల్-1 మీదా?’

ఎల్-1 అంటే ఒకే కంపెనీ తన మనిషిని ఒక దేశం నుంచి తన అమెరికా ఆఫీసుకు మార్చుకోవడం. అంతకుముందు మూడేళ్లలో కనీసం ఏడాది పాటు ఆ కంపెనీలోనే, అమెరికా బయట, విడవకుండా పనిచేసి ఉండాలి. మేనేజరు స్థాయి గానీ, ఆ కంపెనీ పనిలో ప్రత్యేక పరిజ్ఞానం గానీ ఉండాలి. మీ ఆయనకు నాలుగేళ్లు నిండాయి కాబట్టి అడగడంలో తప్పులేదు. 2021 నవంబరులో కోర్టు కేసు రాజీ తర్వాత ఎల్-2 భార్యకు గానీ, భర్తకు గానీ విడిగా పని కార్డు అక్కర్లేకుండా పోయింది. 2022 జనవరి 30 నుంచి వాళ్ల ఐ-94లో, అంటే అమెరికాలో అడుగుపెట్టినట్టు ఇచ్చే పత్రంలో, ‘ఎల్-2ఎస్’ అని వేస్తున్నారు. ఆ ‘ఎస్’ ఉంటే పని చేసుకోవచ్చన్నమాట. దిగిన రోజే ఆన్‌లైన్‌లో తీసి చూసుకో. లేకపోతే వెంటనే సరిచేయించుకోవాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఎల్-1 మీద మీ ఆయన వేరే కంపెనీకి మారలేరు. మేనేజర్లకు ఏడేళ్లు, మిగతావాళ్లకు ఐదేళ్లు గరిష్ఠ గడువు.

హెచ్-1బి అంటే అమెరికా కంపెనీ నిపుణుల్ని ఉద్యోగానికి తెచ్చుకునే వీసా. అదైతే నీది నా కథే. 2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 భార్యాభర్తలకు పని కార్డు ఇస్తున్నారు. కానీ ఆయన గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 (ఆయన కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం దాకా వచ్చి ఉండాలి, లేదా అదే దారిలో ఉండి హెచ్-1బి ఆరేళ్ల గడువు దాటాక పొడిగింపు మీద ఉండాలి. మాకు ఐ-140 2012లోనే వచ్చింది, రూలు 2015లో వచ్చింది. కార్డు చేతికొచ్చేసరికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్ల ఖాళీ ఎందుకొచ్చిందని ఇంటర్వ్యూలో అడిగితే ఇంగ్లీషు మాట తట్టలేదు. నీళ్లు నమిలాను.

ఇంకోటి. 2025 అక్టోబరు 30 నుంచి కార్డు రెన్యువల్‌కు పెట్టుకున్నవాళ్లకు, పాతది అయిపోయినా పని కొనసాగించే వెసులుబాటు తీసేశారు. కొత్తది రాకపోతే ఆ రోజుతో పని ఆపాలి. గడువుకు 180 రోజుల ముందే పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి.

ఆన్‌లైన్ ట్యూషన్ల మాట. హెచ్-4 మీద అక్కడ కూర్చుని ఇక్కడి డబ్బు తీసుకున్నా, పని చేస్తున్న మనిషి అమెరికాలో ఉన్నట్టే కదా. ‘జీతం ఇండియాలో పడితే ఏం కాదు’ అనే పెద్దమనుషులు చాలామంది దొరుకుతారు. రేపు వీసా ఇంటర్వ్యూలో వాళ్లెవరూ నీ పక్కన నిలబడరు. ఇమిగ్రేషన్ లాయరు సరేనంటే తప్ప మొదలుపెట్టకు.

పని అనుమతి వచ్చినంత మాత్రాన టీచర్ అయిపోలేవు. ప్రభుత్వ స్కూళ్లలో చెప్పాలంటే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్సు. మన డిగ్రీ, బీఈడీ మార్కుల లెక్క వాళ్ల పద్ధతిలో తేల్చి చూపించాలి. దానికి యూనివర్సిటీ సీలు వేసిన కవర్లో ట్రాన్‌స్క్రిప్టులు అడుగుతారు. ఇక్కడున్నప్పుడే తీసుకో. నేను అక్కడికి పోయాక విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ చుట్టూ మా తమ్ముణ్ణి తిప్పాను. ఆ ఎండలు వాడు ఇప్పటికీ గుర్తుచేస్తాడు.

ఉద్యోగం సంగతి: జీతం లేని సెలవుకు, విదేశానికి వెళ్లే అనుమతికి మీ శాఖకు దరఖాస్తు పెట్టు. ఎంతకాలం ఇస్తారో రాతలో తీసుకో. నోటిమాట మీద విమానం ఎక్కకు. మీ అత్తగారితో నువ్వు వాదించొద్దు. ఈ పేజీ చదవమని మీ ఆయనకే ఇవ్వు, వాళ్లమ్మకు ఆయనే చెప్పుకుంటారు.

ప్రశ్న: మేడమ్, మాది రాజోలు. నా భార్య బీఎస్సీ నర్సు. యూకేలో కేర్ వర్కర్‌గా పంపిస్తానని, నన్నూ డిపెండెంట్‌గా తీసుకెళ్లొచ్చని ఒక ఏజెంటు పన్నెండు లక్షలు అడుగుతున్నాడు. రొయ్యల చెరువు లీజు వదిలేయమంటారా?

జవాబు: లీజు వదలకండి బాబూ. ఏజెంటును వదలండి. కేర్ వర్కర్ల భార్యాభర్తలు, పిల్లలు వెంట వెళ్లడం 2024 మార్చి 11 నుంచే ఆగిపోయింది. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. అతను అమ్ముతున్నది ఇక లేని సరుకు.

అయినా నర్సును కేర్ వర్కర్‌గా పంపడమేమిటి? ఆవిడ అక్కడి నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్‌కు ప్రయత్నించాలి. ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ గానీ, ఓఈటీ గానీ రాయాలి. నర్సింగ్ మీద కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాయొచ్చు, ప్రాక్టికల్ అక్కడికెళ్లాక. ఆసుపత్రి నర్సుగా స్పాన్సర్ చేస్తే మీరు డిపెండెంట్‌గా వెళ్లొచ్చు. ప్రొఫెషనల్ క్రీడాకారుడి పని తప్ప దాదాపు ఏ పనైనా చేసుకోవచ్చు. రొయ్యల రైతుకు ఆ బెంగ లేదనుకుంటాను. ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర డబ్బు తీసుకోకూడదని అక్కడి నియమావళిలోనే ఉంది. ఆ పన్నెండు లక్షలు మేతకు వాడుకోండి.

ప్రశ్న: నాది తణుకు. నిశ్చితార్థం అయింది. కాబోయే ఆయనకు కంపెనీ సింగపూర్ గానీ, జర్మనీ గానీ ఎంచుకోమంది. నేను అకౌంటెంట్‌ని. నాకు ఏది మేలు?

జవాబు: పని హక్కు వరకూ చూస్తే జర్మనీ. ఆయనకు బ్లూ కార్డు (చదువుకున్న నిపుణులకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) వస్తే, భార్యగా వెళ్లిన నీకు మొదటి రోజు నుంచే ఏ పనైనా చేసుకునే అనుమతి ఉంటుంది. వెళ్లే ముందు జర్మన్ పరీక్ష కూడా అడగరు. కానీ అకౌంట్స్ పని జర్మన్‌లోనే నడుస్తుంది, ఈ రోజే క్లాసులో చేరు. సింగపూర్‌లో 2021 మే 1 నుంచి డిపెండెంట్లు ఉద్యోగం చేయాలంటే కంపెనీ వాళ్లు విడిగా వర్క్ పాస్ తీయాల్సిందే.

ఎక్కడికైనా శుభలేఖ, ఫొటోలు చాలవు. పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. అందులో నీ పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మం దిగకముందే చూసుకో.