ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడితే మనసు ఎందుకు తేలికవుతుంది, స్ఫూర్తి ఎందుకు దొరుకుతుంది?

కొత్త మనిషికి మన పాత కథ తెలియదు, రేపు మనల్ని నిలదీయడు. అందుకే అయినవాళ్ల దగ్గర దాచుకున్న మాట అక్కడ నోరు దాటుతుంది. సామాజికశాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లోనే ఈ సంగతి గమనించాడు.

అయినా కొత్తవాళ్లతో మాట కలపడానికే జంకుతాం. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, పక్కవాళ్లతో మాట్లాడితే ప్రయాణం ఇబ్బందిగా ఉంటుందని షికాగో రైలు ప్రయాణికులు ఊహించారు. నిజంగా మాట్లాడినవాళ్లకేమో మౌనంగా కూర్చున్నవాళ్లకంటే హాయిగా గడిచింది. ఎరికా బూత్‌బీ బృందం 2018లో తేల్చింది ఇంకా ఊరటనిస్తుంది: తొలి పరిచయంలో, మనం అనుకున్నదానికంటే ఎక్కువగానే అవతలివాళ్లకి నచ్చుతాం.

ఇక స్ఫూర్తి అంటారా, మన చుట్టూ ఉన్నవాళ్లకి దాదాపు మనకి తెలిసిందే తెలుసు. వేరే బతుకు బతికినవాళ్లు మనకి తట్టని దారి చూపగలరు. పలకరించినప్పుడు అవతలివాళ్లు ముభావంగా ఉంటే మాత్రం వదిలేయండి.