మళ్లీ బాప్తిస్మం ఎందుకురా?

బ్రాడీపేట, గుంటూరు

అల్లుడికి,

ప్రభువు నామంలో మీ అత్త దీవెనలు. వచ్చే ఆదివారం కృష్ణలో మళ్లీ బాప్తిస్మం తీసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. బెజవాడలో ఏ ఉజ్జీవ కూటం పెట్టినా ముందుకెళ్లి మోకరిస్తున్నావట. కాస్త ఆగు.

కూటంలో కన్నీళ్లొస్తే రక్షణ (పాపం నుంచి విడుదల) ఉందనుకుంటావు. బుధవారం షాపులో ఎవరిమీదో అరిచేసరికి లేదనుకుంటావు. ఆ కన్నీళ్లలో సగం పాట పాడేవాళ్ల గొంతుదీ, కీబోర్డుదీ (నాకూ వస్తాయిలే). చిన్నప్పటి బాప్తిస్మం చెల్లదని మీ సహవాసం వాళ్లు అంటున్నారట. ఆ సంగతి వేరే, కూర్చుని మాట్లాడుకుందాం. రక్షణ ఉందన్న నిశ్చయత కోసమే అయితే మాత్రం ఈ రెండోది ఆరు నెలలకే చాలదనిపిస్తుంది, మూడోది కావాలంటావు.

1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చిన నాటినుంచీ మన లూథరన్ ఇళ్లలో ఉన్న బోధే ఇది. మనస్సాక్షి పొడిచినప్పుడు ‘నేను బాప్తిస్మం పొందినవాణ్ణి’ అనమని లూథరు 1529లో పెద్ద ప్రశ్నోత్తరి అనే బోధ పుస్తకంలో రాశాడు. అది దేవుడు నీకిచ్చిన మాట, నువ్వు ఆయనకిచ్చింది కాదు.

రక్షణ పోతుందా పోదా అన్న తగవు పాతదే. నిజంగా ఏర్పరచుకున్నవాళ్లని దేవుడు చివరిదాకా నిలుపుతాడని 1618-19లో నెదర్లాండ్స్‌లో కాల్విన్ బోధ పట్టుకున్నవాళ్ల డోర్ట్ సభ తేల్చింది. విశ్వాసం విడిచి పోగలరని మనవాళ్లూ, వెస్లీ వాళ్లూ (మెథడిస్టులు) అంటారు. అది తేలేదాకా నువ్వు నిద్ర మానుకోనక్కర్లేదు. తప్పిపోయినవాళ్లని మళ్లీ మారుమనస్సుకి తేవడం అసాధ్యమన్న హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం చూసి భయపడుతున్నావట. క్రీస్తుని కాలదన్నినవాడు ఆయన కావాలని ఇలా ఏడవడు.

ఒకటో యోహాను పత్రిక అయిదు అధ్యాయాలే, ఒక్క పట్టున చదువు. సహోదరుణ్ణి ప్రేమిస్తున్నావా అని అడిగినచోట గుచ్చుకుంటుంది, గుచ్చుకోనీ. మూడో అధ్యాయం ఇరవయ్యో వచనం దాటకుండా మాత్రం మూసెయ్యకు. మన హృదయం మనమీద నేరం మోపినా దేవుడు దానికంటే అధికుడని ఉంటుంది అక్కడ.

స్థలం గొడవలో తమ్ముడితో మాట మానేశావు కదా, ముందు వాడింటికి వెళ్లు. మారుమనస్సు అక్కడ కావాలి, స్టేజీ ముందు కాదు. రక్షణ పోదులే అని ఆ పగని ఉంచుకుంటే నేనూరుకోను. అర్హుణ్ణి కాదని, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఆదివారం వెనక బెంచీలో ఉండిపోతున్నావట, అది మానెయ్. పాపులకే ఆ బల్ల.

ప్రార్థన రానప్పుడు మార్కు తొమ్మిదిలో మూగదయ్యం పట్టిన పిల్లాడి తండ్రి అన్నదే అను: ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము.’ యేసు ఆయన్ని, నమ్మకం పూర్తిగా కుదిరాక రమ్మని పంపెయ్యలేదు.

కూటాలకి వెళ్లు, పాడు. ముందుకు రమ్మని పిలిచినప్పుడు మాత్రం కూర్చునే ఉండు. శనివారం భోజనానికి రా, ఆ బాప్తిస్మం సంగతి పాస్టరు అయ్యగారితో నేనూ మాట్లాడతాను.

మీ మేనత్త